పని ఎక్కువైందా, క్రమశిక్షణ తగ్గిందా? ముందు చూడాల్సింది ఏది

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మూడు షిఫ్టుల్లో అరవై మంది. ఆరు నెలల నుంచి ఆర్డర్లు పెరిగాయి, మనుషులు మాత్రం అంతే ఉన్నారు. తప్పులు, ఆలస్యాలు, నాగాలు మూడూ పెరిగాయి. పైవాళ్లేమో "క్రమశిక్షణ పోయింది, కాస్త బిగించండి, తప్పు చేస్తే జీతంలో కోయండి" అంటున్నారు. కిందివాళ్లేమో "ఇంత పని మావల్ల కాదు" అంటున్నారు. పనితీరు దెబ్బతినడానికి ఈ రెండిట్లో అసలు కారణం ఏది, కోత పెట్టాలా వద్దా, నెలనెలా చెప్పకుండా మానేసే ఆ ఇద్దరిని ఏం చేయాలి? ఇంతే కదా.

జవాబు ముందే చెప్పేస్తాను. ముందు పనిభారం కొలవండి. క్రమశిక్షణ మాట ఆ తర్వాత ఎత్తండి. జీతంలో కోత మాత్రం వద్దే వద్దు.

నేను ఇరవై ఆరేళ్లుగా రసాయన ప్లాంట్లలో ఉన్నాను. మొదట ప్యానెల్ ఆపరేటర్‌ని, అంటే కంట్రోల్ రూమ్‌లో కూర్చుని ప్లాంటును నడిపేవాణ్ణి, తర్వాత షిఫ్ట్ ఇన్‌చార్జిని. చివరి తొమ్మిదేళ్లుగా ఎంతమందితో ఏ షిఫ్టు నడపాలన్న లెక్కలే నా పని. అందుకని నా ఉదాహరణలు అటువైపు నుంచే వస్తాయి. క్రమశిక్షణ అక్కర్లేదని నేను అనడం లేదు, మా పనిలో అది లేకపోతే మనుషులు చచ్చిపోతారు. కానీ పనిభారం క్రమశిక్షణారాహిత్యంలా కనిపించిన సందర్భాలు నేను చాలా చూశాను. అటుది ఇటు కనిపించినవి తక్కువ.

నేను షిఫ్ట్ ఇన్‌చార్జి అయిన మొదటి ఏడాది జరిగింది చెప్తాను. ఒక రాత్రి నాలుగున్నరకు ఫీల్డ్ ఆపరేటర్ లాగ్‌షీట్ తీసి చూశాను. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా గంటగంటకూ ప్రెషర్లు, ఉష్ణోగ్రతలు, లెవెల్స్ రాయాలి. గడులన్నీ నిండి ఉన్నాయి. టైమ్ ఇంకా నాలుగున్నరే, ఐదు గంటల ప్రెషరూ ఆరు గంటల ఉష్ణోగ్రతా కూడా రాసేసి ఉన్నాయి! ఒకే పెన్ను, ఒకే వాలు, ఒక్క కొట్టివేత లేదు. నాకు ఒళ్లు మండిపోయింది. పొద్దున్నే మెమో ఇచ్చాను. అతను సంజాయిషీలో ఒక్క వాక్యం రాశాడు: "ఒకసారి మీరు ఆ రౌండ్ తిరిగి చూడండి సార్."

పొగరనుకున్నాను. పంతానికి తర్వాతి వారం వాచీ పెట్టుకుని నేనే తిరిగాను. మొత్తం 52 గేజీలు, మూడు అంతస్తులు. కొన్నిటి అద్దాలు మసకబారి, టార్చి వేసి వంగి చూస్తే తప్ప అంకె కనపడదు. రౌండ్ పూర్తవడానికి 47 నిమిషాలు పట్టింది. గంటలో మిగిలింది పదమూడు నిమిషాలు. ఆ పదమూడు నిమిషాల్లోనే అతను శాంపిల్ తీసి ల్యాబ్‌కి ఇచ్చి రావాలి, ఫిల్టర్ మార్చాలి, డ్రమ్ముల్లోని సరుకు ప్లాంట్‌లోకి పోయాలి, ప్యానెల్ నుంచి పిలిస్తే వాల్వు దగ్గరికి పరిగెత్తాలి. మంచినీళ్లు తాగాలంటే ఎక్కడో ఒకచోట అంకె ఊహించి రాయక తప్పదు. అంటే ఆ షీటే అబద్ధం రాయమని అడుగుతోంది. అది తయారు చేసిన మాకు ఆ సంగతి తెలియదు, ఎందుకంటే మాలో ఎవరూ దాన్ని నింపుతూ ఒక పూర్తి షిఫ్టు చేయలేదు.

మెమో వెనక్కి తీసుకున్నాను. 52లో గంటగంటకూ నిజంగా చూడాల్సినవి 19 తేలాయి, మిగతావి షిఫ్టుకు ఒకసారి చూస్తే చాలు. షీట్ మార్చిన మూడు నెలల తర్వాత ఇంకొక ఆపరేటర్ కుర్చీలో కూర్చునే ఆ పంతొమ్మిదీ నింపాడు. ఈసారి మెమోతో పాటు రెండు రోజుల సస్పెన్షన్ కూడా ఇచ్చాను, అదీ సంకోచం లేకుండా. రెండూ ఒకే తప్పులా కనిపిస్తాయి. మొదటిది పనిభారం, రెండోది క్రమశిక్షణ.

తేడా పట్టడానికి నేను వాడే కొలత ఇది. ఒకే తప్పు చాలామంది చేస్తుంటే పని ఏర్పాటును చూడండి. ఒక్కరే చేస్తుంటే ఆ మనిషిని చూడండి. ప్రమాదాల్లో మానవ తప్పిదాల మీద పనిచేసిన జేమ్స్ రీజన్ కూడా ఇలాంటి పరీక్షే చెప్పేవాడు: అంతే అనుభవం, అదే శిక్షణ ఉన్న ఇంకో మనిషిని అదే చోట, అదే క్షణంలో నిలబెడితే ఏం చేసేవాడు? అతనూ అదే చేసేవాడని తోటివాళ్లు ఒప్పుకుంటే, ఇక శిక్ష వేసి ఉపయోగం లేదు.

పనిభారం అనగానే అందరూ గంటలే లెక్కపెడతారు. గంటల లెక్క పాతదే, తేలిపోయిందే. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటన్‌లో మందుగుండు ఫ్యాక్టరీల కార్మికుల పని గంటలు, ఉత్పత్తి లెక్కలు అప్పటి ఒక కమిటీ సేకరించి పెట్టింది. ఆర్థికవేత్త జాన్ పెన్‌కావెల్ 2014లో వాటిని మళ్లీ లెక్కగట్టాడు. వారానికి సుమారు 50 గంటలు దాటాక గంటకు వచ్చే ఉత్పత్తి పడిపోతుంది, 70 గంటలు పనిచేయించినా మొత్తం ఉత్పత్తి 56 గంటలకు వచ్చినదానికన్నా పెద్దగా ఎక్కువ లేదు. పద్నాలుగు గంటల ఓవర్‌టైమ్ గాలికి పోయిందన్నమాట. అప్పుడూ ఎవరో ఒక మేనేజరు ఆ గంటల్ని చూసి "మనవాళ్లు బాగా కష్టపడుతున్నారు" అని రిపోర్టు రాసే ఉంటాడు.

ఆరోగ్యం సంగతికొస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఇచ్చిన అంచనా ఉంది. వారానికి 35-40 గంటలు పనిచేసేవాళ్లతో పోలిస్తే 55 గంటలు, ఆపైన చేసేవాళ్లకు పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ, గుండెకు రక్తం అందక చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ.

గంటలకన్నా నన్ను భయపెట్టేది ఇంకొకటి. అలసిన మనిషికి తాను అలసిపోయానని తెలియదు. 1997లో డాసన్, రీడ్ అనే ఇద్దరు పరిశోధకులు చూపించారు, వరసగా 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి చెయ్యి-కన్ను సమన్వయం రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని. తాగి వచ్చినవాణ్ణి గేటు దగ్గరే ఆపేస్తాం. డబుల్ షిఫ్టు చేసినవాణ్ణి మాత్రం "శభాష్" అని భుజం తట్టి ప్యానెల్ ముందు కూర్చోబెడతాం. నేనూ తట్టాను, ఒకసారి కాదు.

2005లో అమెరికాలోని టెక్సస్ సిటీ చమురు రిఫైనరీ పేలుడులో 15 మంది చనిపోయారు. అక్కడ కొందరు ఆపరేటర్లు వరసగా 29 రోజులు, అంతకు మించి, రోజుకు 12 గంటల చొప్పున పనిచేస్తూ వచ్చారని దర్యాప్తు తేల్చింది. ఆపిన యూనిట్‌ను మళ్లీ మొదలుపెట్టేటప్పుడు రాసి ఉన్న విధానాన్ని తప్పడం అక్కడ అప్పటికే మామూలైపోయింది. ఆ యూనిట్‌లో పోయింది క్రమశిక్షణా, మోయించింది పనిభారమా అని విడదీయబోతే దారం చిక్కుపడుతుంది.

ఇక మీ పైవాళ్లకు చూపించడానికి ఒక లెక్క ఇస్తాను. మా కంపెనీలో ఒకాయన ప్రతి మీటింగులో "మనుషుల్ని 95 శాతం వాడుకుంటున్నాం" అని మురిసిపోయేవాడు. ఒకే మనిషి పని చేస్తూ, పనులు ఒక వరస లేకుండా వచ్చిపడే చోట క్యూ గణితం చాలా సులువు. ఆ మనిషి సమయం 80 శాతం నిండి ఉంటే కొత్తగా వచ్చిన పని మొదలవడానికే సగటున నాలుగు పనులు పట్టేంత సేపు ఆగాలి. 90 శాతం నిండితే తొమ్మిది. 95 శాతం అయితే పంతొమ్మిది. 90 నుంచి 95కి పెంచి మీరు గెలుచుకున్నది ఐదు శాతం, పోగొట్టుకున్నది రెట్టింపుకు పైగా ఆలస్యం. మీ ఆలస్యాలకు కారణం బద్ధకమని ఎవరైనా అంటే ముందు ఈ అంకెలు బల్ల మీద పెట్టండి. ఎవరైనా ఒక్కరు నాగా పెడితే ఏమవుతుందో అప్పుడు వాళ్లకే అర్థమవుతుంది.

సగటు అంకెలు ఇంకో మోసం కూడా చేస్తాయి. అరవై మందికి పని సమానంగా పంచినట్టు కాగితం చెప్తుంది. నిజానికి పని తెలిసినవాడి నెత్తినే పని పడుతుంది. నా షిఫ్టులో ఒకావిడ ఉండేది, ఏ బ్యాచ్ మొండికేసినా అందరూ ఆవిడనే పిలిచేవాళ్లు, నాతో సహా. ఆవిడ పది రోజులు సెలవు పెడితే గానీ షిఫ్టు సగం ఆవిడ మీదే నడుస్తోందని నాకు తెలియలేదు. తిరిగొచ్చాక అడిగితే నవ్వి, "బాగా చేస్తే ఇంకా ఎక్కువ పని ఇస్తారని కొత్తవాళ్లు నన్ను చూసే నేర్చుకున్నారు సార్" అంది.

పని మరీ తక్కువైనా ఇబ్బందే. రాడార్ తెర ముందు కూర్చునేవాళ్ల కోసం నార్మన్ మాక్‌వర్త్ 1948లో ప్రచురించిన ప్రయోగాల్లో, ముల్లు ఎప్పుడో ఒకసారి మాత్రమే రెట్టింపు దూరం దూకే గడియారాన్ని చూస్తూ ఉండే మనిషి మొదటి అరగంటలోనే గుర్తించాల్సినవి వదిలేయడం మొదలుపెట్టాడు. మీ యూనిట్‌కి ఇప్పుడు ఆ బాధ లేదు కాబట్టి వదిలేస్తున్నాను.

కానీ "కాస్త ఒత్తిడి ఉంటేనే పని బాగా చేస్తారు" అనే మాట మీకు తప్పకుండా ఎదురవుతుంది. 1908లో యెర్క్స్, డాడ్సన్ అనే మనస్తత్వ పరిశోధకులు చేసిన ప్రయోగాన్ని దానికి సాక్ష్యంగా తెస్తారు. ఆ ప్రయోగం చిట్టెలుకల మీద చేసింది, కరెంట్ షాకులతో. పోనీ దాన్నే ఒప్పుకుందాం. అందులో తేలిందేమిటి? సులువైన పనికి షాకు పెంచేకొద్దీ ఎలుకలు త్వరగా నేర్చుకున్నాయి. కష్టమైన పనికి మాత్రం ఒక మోస్తరు షాకే మేలు, పెంచితే నేర్చుకోవడం చెడింది. మీ యూనిట్‌లో పని కష్టమైనదే కదా. వాళ్లు తెచ్చిన సాక్ష్యం మీ వైపే మాట్లాడుతుంది.

ఇప్పుడు క్రమశిక్షణ. ఈ మాట వినగానే మనకు హాజరు పట్టీ, మెమో, జరిమానా గుర్తొస్తాయి. నా లెక్కలో అది క్రమశిక్షణలో చిన్న ముక్క. పెద్ద ముక్క ఏమిటంటే, బుర్ర పనిచేయని వేళ కూడా చెయ్యి సరైన పనే చేసేలా అలవాటు చేసిన కొన్ని నియమాలు.

మంచి నియమం పనిభారాన్ని తగ్గిస్తుంది. చెడ్డ నియమం పెంచుతుంది. అమెరికా విమానయానంలో 1981 నుంచి ఒక నియమం ఉంది: విమానం పదివేల అడుగుల కింద ఉన్నప్పుడు పైలట్లు ఆ దశకు అవసరం లేని మాటా మాట్లాడకూడదు, అవసరం లేని పనీ చేయకూడదు. చూడటానికి కఠినంగా ఉంటుంది. నిజానికి అది అత్యంత రద్దీ వేళ పైలట్ నెత్తి మీద నుంచి భారం దించుతోంది, "ఇప్పుడు నన్ను కదిలించొద్దు" అనే హక్కు ఇస్తోంది. చెక్‌లిస్ట్ కూడా అంతే, గుర్తుపెట్టుకునే పనిని కాగితానికి అప్పగిస్తుంది. ఒక తప్పు జరగగానే ఫారానికి ఇంకో సంతకం గడి చేర్చడం దీనికి సరిగ్గా రివర్సు. మా దగ్గర ఒక పర్మిట్‌కి, అంటే పని మొదలుపెట్టే ముందు తీసుకునే అనుమతి పత్రానికి, పదకొండు సంతకాలు అయ్యాయి ఒక దశలో. పదకొండు మంది సంతకం పెడితే పదకొండు మందీ మిగతా పదిమంది చూశారులే అనుకుంటారు.

నేను ఒక్క నియమమే కాపాడుకోగలిగితే షిఫ్టు హ్యాండోవర్‌నే, అంటే దిగే షిఫ్టు ఎక్కే షిఫ్టుకు పని అప్పగించడాన్నే, కాపాడుకుంటాను. 1988 జులై 6న ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫా చమురు వేదిక పేలుడులో, మంటల్లో 167 మంది చనిపోయారు. ఒక పంపుకు ఉండాల్సిన సేఫ్టీ వాల్వును మరమ్మతుకు విప్పారు, ఆ సంగతి రాత్రి షిఫ్టుకు చేరలేదు, రెండో పంపు ఆగిపోతే వాళ్లు ఈ పంపును ఆన్ చేశారు. మా ప్లాంట్‌లోనూ ఒక సాయంత్రం అలాంటిదే కొద్దిలో తప్పింది. పగటి షిఫ్టు ఆపరేటర్ బస్సు అందుకోవాలని పరుగు మీద "అంతా ఓకే" అనేసి వెళ్లిపోయాడు. విప్పి ఉన్న పైపు జాయింటుకు (ఫ్లాంజ్‌కి) కట్టిన ఎర్ర ట్యాగు ఇంకొకడి కంటపడింది కాబట్టి బతికిపోయాం. అతన్ని తిట్టాను గానీ, తర్వాత చూస్తే బస్సు టైమూ షిఫ్టు మారే టైమూ ఒకటే. హ్యాండోవర్‌కి మేం ఇచ్చిన సమయం సున్నా. బస్సును పదిహేను నిమిషాలు వెనక్కి జరిపించాం, ఆ పదిహేను నిమిషాలకూ జీతం ఇచ్చాం. ఆ తర్వాత పంపు పక్కన నిలబడి చూపించకుండా అప్పగించినవాణ్ణి ఎవర్నీ వదల్లేదు.

ఇక జీతంలో కోత. ఎందుకు వద్దంటున్నానో నా తప్పుతోనే చెప్తాను. ఒకప్పుడు త్రుటిలో తప్పిన ప్రమాదాలు రాసే రిజిస్టర్‌లో నెలకు పాతిక దాకా వచ్చేవి. అజాగ్రత్తకు ఇన్సెంటివ్ కోయడం మొదలుపెట్టాం. రెండు నెలల్లో నాలుగుకు వచ్చింది, మూడో నెల సున్నా. మీటింగులో చప్పట్లు కొట్టించుకున్నాను. నాలుగో నెల ఒక మోటార్ కాలిపోయింది. విచారిస్తే అది వారం రోజులుగా వింత చప్పుడు చేస్తోందని ఐదుగురికి తెలుసు. ఎవరూ రాయలేదు, రాస్తే ఆ షిఫ్టులో ఎవరో ఒకరికి కోత పడుతుందని. తప్పులు తగ్గలేదు, నాకు చెప్పడం మానేశారు. ఆసుపత్రి బృందాల మీద 1990ల్లో పరిశోధన చేసిన ఎమీ ఎడ్మండ్‌సన్‌కీ ఇదే ఎదురైంది. మంచి బృందాల్లో తప్పులు తక్కువ ఉంటాయనుకుంటే, ఎక్కువ నమోదై కనిపించాయి, ఎందుకంటే అక్కడ భయం లేకుండా చెప్పుకుంటున్నారు. అమెరికాలో 1976 నుంచి నాసా నడిపే ఒక వ్యవస్థకు, విమాన సిబ్బంది తాము కావాలని చేయని తప్పును పది రోజుల్లో రాసి పంపితే శిక్ష నుంచి చాలావరకు మినహాయింపు ఉంటుంది. సమాచారం విలువ జరిమానా కన్నా ఎక్కువని అక్కడ ఎప్పుడో గ్రహించారు.

మీరు రేపటి నుంచి ఏం చేయొచ్చంటే, రెండు వారాలు పని కొలవండి. ఎవరి పేర్లూ రాసుకోబోమని, ఎవరి మీదా చర్య ఉండదని ముందే చెప్పండి. ఒక మనిషి పక్కన పూర్తి షిఫ్టు నిలబడి అసలు పనికి ఎంత, వెతుకులాటకు ఎంత, ఎదురుచూపుకు ఎంత, చేసిందే మళ్లీ చేయడానికి ఎంత పోతోందో రాయండి. మా దగ్గర చేసినప్పుడు ఒకే అంకెను మూడు చోట్ల రాస్తున్నారని బయటపడింది. అది తీసేస్తే షిఫ్టుకు నలభై నిమిషాలు మిగిలాయి, కొత్త మనిషిని తీసుకోకుండానే.

దాంతో పాటు ఆరు నెలల తప్పుల్ని గంటలవారీగా పేర్చండి. షిఫ్టు చివరి రెండు గంటల్లోనో, తెల్లవారుజామున మూడు, ఐదు మధ్యనో, వరసగా ఆరో ఏడో రోజు పనిచేసినవాళ్ల దగ్గరో గుంపుగా కనిపిస్తే అది అలసట. ఒకే సూపర్‌వైజర్ కింద గుంపుగా ఉంటే సూపర్‌వైజర్ సంగతి. కొత్తగా చేరినవాళ్ల దగ్గరే ఉంటే అటు పనిభారమూ కాదు, ఇటు క్రమశిక్షణా కాదు, శిక్షణ లోపం. ఈ మూడోదాన్ని చాలామంది మర్చిపోతారు.

మనుషులు దొరకరు, ఆర్డర్లు తగ్గవు అంటారా? అప్పుడు కనీసం పని వరసను నిర్ణయించుకునే వీలు వాళ్లకు ఇవ్వండి. పనిభారం ఎక్కువగా ఉండి, దాని మీద తన చేతిలో ఏమీ లేకపోవడమే మనిషిని ఎక్కువగా నలుపుతుందని పని ఒత్తిడి మీద పరిశోధించిన రాబర్ట్ కరాసెక్ 1979లోనే ప్రతిపాదించాడు. నా అనుభవం కూడా అదే. ఏ బ్యాచ్ ముందు, ఏది తర్వాత అన్నది ఆపరేటర్లకే వదిలేసిన షిఫ్టులో అంతే పనికి గొణుగుడు సగానికి తగ్గింది.

చివరిగా నాగా పెట్టే ఆ ఇద్దరు. ఇద్దర్నీ ఒకే గాటన కట్టకండి. వాళ్ల నాగాల్ని రోస్టర్ పక్కన పెట్టి చూడండి. నాకూ ఇలాగే ఇద్దరు ఉండేవాళ్లు. ఒకతని నాగాలన్నీ డబుల్ షిఫ్టు చేసిన మర్నాడే పడ్డాయి. అతనికి డబుల్ షిఫ్టులు ఆపేశాం, నాగాలు ఆగిపోయాయి. రెండో అతని నాగాలకు రోస్టర్‌తో ఏ సంబంధమూ లేదు, బయట ఇంకో పని చేసుకుంటున్నాడు. పిలిచి మాట్లాడాను, తర్వాత మెమో ఇచ్చాను, గడువు ఇచ్చాను, మారలేదు. నిబంధనల ప్రకారం విచారణ జరిపి పంపించేశాం. షిఫ్టు గొడవ చేస్తుందేమోనని ఆ రోజు కాస్త టెన్షన్ పడ్డాను. ఒక్కరూ నోరెత్తలేదు. ఏడాదిగా అతని పని మోసింది వాళ్లే కదా.